చీనా పింగాణీకి గిల్టు తొడుగు: అపోహలు – వాస్తవాలు

పింగాణీ కూజాకు బంగారు రంగు పీట, పిడులు, అంచుపట్టీ బిగించిన పాత వస్తువులు అలాగే చైనా నుంచి దిగాయని చాలామంది అనుకుంటారు. పింగాణీ వరకే అది నిజం. ఎక్కువగా చైనాలోని జింగ్‌డెజెన్ బట్టీల్లో కాలిన ఆ కూజాలకు తొడుగులు వేయించింది 18వ శతాబ్దపు పారిస్ వర్తకులు. వారిలో లజార్ దువో రాసుకున్న 1748–58 నాటి ఖాతా పుస్తకం ఇప్పటికీ ఉంది. ఫ్రాన్సు రాజు ప్రియురాలు మదామ్ ద పాంపదూర్ ఆయన దగ్గర కొనేది.

తొడుగు బంగారమూ కాదు, చాలాసార్లు అసలు కంచూ కాదు. రాగి, జింకు కలిసిన ఇత్తడి. పాదరసంలో బంగారం కలిపి ముద్దచేసి, లోహానికి పట్టించి, కాల్చేవారు. పాదరసం ఆవిరైపోయి బంగారం అంటుకునేది. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్ల ఆరోగ్యమే ఈ మెరుపుకు అసలు ఖరీదు.

పగుళ్లు దాచడానికే తొడుగు వేశారనే మాట కొన్నిటికే వర్తిస్తుంది. నిక్షేపంగా ఉన్న పాత్రల మెడలు కోసి, అడుగున చిల్లు పెట్టి మరీ బిగించినవి ఉన్నాయి.

ముద్ర చూసి వయసు చెప్పేయడం ఇంకో పొరపాటు. కిరీటం కింద ‘సి’ అక్షరం 1745–49 మధ్య ఫ్రాన్సులో రాగి మిశ్రమాలపై వేసిన పన్ను గుర్తు. పింగాణీ ఎప్పటిదో అది చెప్పదు. పింగాణీ అడుగున ఉండే చక్రవర్తి పేరుదీ అదే వరస: కాంగ్‌షీ కాలపు (1662–1722) పనివాళ్లు రెండు వందల ఏళ్ల కిందటి చెంగ్‌హువా పేరు వేసేవారు.

చైనా పింగాణీని తెలుగు తీరానికి తెచ్చింది తెల్లవాళ్లేననడం మరీ తప్పు. నిజాంపట్నంలో డచ్చివారు 1606లో, ఇంగ్లీషువారు 1611లో దిగారు. అదే బాపట్ల తీరంలోని మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు ఓడ వర్తకులకు అభయమిచ్చిన శాసనం 1244–45 నాటిది. అక్కడి తవ్వకాల్లో చైనా పాత్రల పెంకులు, లేత ఆకుపచ్చ సెలడాన్‌తో సహా, బయటపడ్డాయి.

ఆ సెలడాన్ పళ్లేలనే దక్కన్‌లో గోరీ అన్నారు. విషం కలిపిన అన్నం వడ్డిస్తే అవి పగిలిపోతాయని నవాబుల ఇళ్లలో నమ్మేవారు. పైనున్న గాజుపూత విషంతో అలా చర్య జరపదు. సలసల కాగే పులుసు ఒక్కసారిగా పోస్తే మాత్రం, విషం లేకపోయినా, పాత పళ్లెం చిట్లవచ్చు.