రాత్రికి ఎక్కడ దిగుతాం?

కార్తీకం వచ్చిందంటే మా తిరువూరులో బళ్ళు మాట్లాడుకోవడం మొదలవుతుంది. పత్తి మొదటి తీత అయిపోయి చేతిలో నాలుగు డబ్బులు ఆడుతుంటాయి, మామిడి తోటల్లో పనికి ఇంకా టైముంటుంది. వీధికొకరు పెద్దరికం తీసుకుని ఓ టెంపో ట్రావెలరో, మంది ఎక్కువైతే మినీబస్సో మాట్లాడి, వంటమనిషిని కుదిర్చి, తలా ఇంత అని వసూలు చేసి యాత్రకు తీసుకెళ్తారు. మా వీధిలో ఆ పని చాలా ఏళ్ళుగా నాది. బడిలో ఉన్నప్పుడు పిల్లల్ని విహారయాత్రలకు తిప్పిన అలవాటు రిటైరయ్యాక ఇలా పనికొచ్చింది.

పేరిచ్చే ప్రతివాళ్ళూ ముందు అడిగేది "టీచరుగారూ, ఏమేం చూస్తాం?" అని. నేను ముందు తేల్చుకునేది రాత్రికి ఎక్కడ దిగుతాం అన్నది. అక్కడ నీళ్ళెలా ఉంటాయి, మరుగుదొడ్లు ఎన్ని, బండి పెట్టడానికి చదునైన జాగా ఉందా, చీకటి పడకముందే చేరతామా? వీటికి జవాబు దొరికాకే చూడాల్సిన వాటి జాబితా రాస్తాను. ముసలివాళ్ళూ పసిపిల్లలూ ఉన్న బండిలో పగలు చూసిన గుడి ఎంత గొప్పదైనా, రాత్రి నిద్ర లేకపోతే మర్నాటికి అందరూ నీరసపడిపోతారు.

మా ఊరి మీదుగా పోయే రోడ్డుకి పాత నంబరు 221, ఇప్పుడు జాతీయ రహదారి 30. ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, తిరువూరు, కొత్తగూడెం, భద్రాచలం, చింతూరు, కుంట, సుక్మా, జగదల్‌పూర్, రాయ్‌పూర్, జబల్‌పూర్, ప్రయాగరాజ్, లక్నో దాటి ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్ దాకా వెళ్తుంది. మా ఊళ్ళో బండెక్కితే ఆ ఒక్క రోడ్డు పట్టుకునే త్రివేణీ సంగమానికి చేరొచ్చు. 2025 ఫిబ్రవరిలో కుంభమేళాకు జనం ఒక్కసారిగా కదిలినప్పుడు ఇదే రోడ్డు మీద జబల్‌పూర్, రీవా వైపు బళ్ళు గంటలకొద్దీ ఆగిపోయాయి. అలాంటప్పుడు బండిలో బియ్యం, పప్పు, పొయ్యి ఉన్నవాళ్ళకి పిల్లల ఆకలి గురించి బెంగ ఉండదు.

మావాళ్ళు ఎక్కువగా అడిగేది భద్రాచలం, పర్ణశాల, అక్కణ్ణుంచి బస్తర్‌లోని చిత్రకోట్ జలపాతం. ఈ యాత్రకి నెల ఎంచుకోవడమే అసలు పని. వానాకాలంలో ఇంద్రావతి ఎర్రగా పొంగి, దాదాపు 300 మీటర్ల వెడల్పున, 29 మీటర్ల ఎత్తు నుంచి గుర్రపునాడా ఆకారంలో దూకుతుంది. ఆ నిండుదనం జులై, ఆగస్టుల్లోనే. సరిగ్గా అప్పుడే మన వైపు గోదావరి కూడా పొంగుతుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరికి పోయే దారిలేక వెనక్కి ఎగదన్నుతుంది. దాంతో చింతూరు వైపు వాగులన్నీ రోడ్డెక్కుతాయి. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులై 16న 71.3 అడుగులు వచ్చిన నది అది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే నేను ప్రయాణం వాయిదా వేస్తాను. ఎవరెన్ని మాటలన్నా సరే.

అందుకే అక్టోబరు సగం నుంచి నవంబరు ఆఖరు వరకు అంటాను. జలపాతంలో నీళ్ళు ఇంకా జోరుగానే ఉంటాయి, రోడ్డు ఆరి ఉంటుంది, జగదల్‌పూర్ దగ్గరి కాంగేర్ లోయలో వానలకు మూసేసిన కుటుంసర్ గుహలు తెరిచే సమయమూ అదే. ఎండాకాలం దాకా ఆగితే అంత వెడల్పు జలపాతమూ విడివిడి పాయలుగా సన్నబడిపోతుంది.

మొదటి రాత్రి భద్రాచలం. మర్నాడు తెల్లవారుజామున బయలుదేరితే పొద్దు ఉండగానే జగదల్‌పూర్. కుంట దాటాక సుక్మా, దర్భా ఘాటు వరకు చాలామటుకు అడవే. చీకట్లో ఆ దారిన బండి పోనివ్వను. జగదల్‌పూర్‌లో ఉన్నన్ని రాత్రులూ ఒకే మకాం. ఒకరోజు తీరథ్‌గఢ్ జలపాతం, గుహలు. ఇంకోరోజు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిత్రకోట్. రోజుకో ఊళ్ళో దిగితే గుండిగలు, పరుపులు, పట్టాలు దించి ఎక్కించడంలోనే సగం పొద్దు పోతుంది. ఒకేచోట ఉండి చుట్టూ తిరిగొస్తే వంటమనిషికీ ఊపిరాడుతుంది. బండి విషయం ఒక్క మాటలో చెప్తాను. పసుపు నంబరు ప్లేటు, ఆల్ ఇండియా పర్మిట్ ఉన్నదే మాట్లాడండి. తెలిసినవాళ్ళదని సొంత కారు కిరాయికి తీసుకుంటే, ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు చేతికి రాకపోవచ్చు.

మకాం ఎంచుకోవడంలో మాకు గురువు మా వంటాయనే. బండి దిగీ దిగకముందే గిన్నెడు నీళ్ళు పట్టించి, గుప్పెడు కందిపప్పు వేసి చిన్న పొయ్యి మీద పెడతాడు. మేం బెడ్డింగులు దించుకునేలోపు మూత తీసి, రెండు బద్దలు వేళ్ళ మధ్య నలిపి చూస్తాడు. మెత్తగా నలిగితే "ఇక్కడ ఉండొచ్చమ్మా" అంటాడు. బద్ద బిరుసుగా ఉంటే, అది చవుడునీరు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, ముసలివాళ్ళకి కడుపు ఉబ్బరం. అలాంటిచోట తాగడానికీ వంటకీ క్యాన్లు తెప్పించక తప్పదు. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఒకసారి ఫోన్‌లో "రండి, హాలు ఖాళీగానే ఉంది" అన్నచోటికి పొద్దుగూకేవేళ చేరేసరికి లోపల పెళ్ళివారు దిగి ఉన్నారు. ఆడవాళ్ళమంతా బండిలో, మగవాళ్ళు రోడ్డు పక్క పట్టా పరుచుకుని తెల్లవార్లూ దోమలతో గడిపాం. అప్పటినుంచి సగం డబ్బు ముందే పంపి, రసీదు ఫోన్‌లో తెప్పించుకుంటున్నాను. మేనేజరు నంబరుతోపాటు వాచ్‌మన్ నంబరు కూడా రాసుకుంటాను. రాత్రి గేటు తీసేది అతనే కదా. దోమతెరలు మాత్రం ఎవరి మాట మీదా వదలను. చింతూరు ఏజెన్సీలోనూ బస్తర్‌లోనూ మలేరియా ఇప్పటికీ ఉంది.

ముందు మకాం సంగతి చూసుకునే ఈ తీరు మన తెలుగువాళ్ళకి కొత్తదేం కాదు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న కాశీకి బయలుదేరి, దాదాపు వందమంది పరివారంతో, డేరాలతో, పల్లకీలతో ప్రయాణం చేసి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఆయన రాసిన 'కాశీయాత్ర చరిత్ర'లో మజిలీ మజిలీకీ నీటి వసతి ఎలా ఉంది, అంగళ్ళున్నాయా, దారి ఇసకా రాయా అన్న వివరాలు కనిపిస్తాయి. వెనక వచ్చేవాళ్ళకి పనికొస్తుందని రాసుకున్న మనిషి. నేను మకాముల వివరాలు రాసుకునే నోటుపుస్తకానికి ఆయనే దారి చూపాడు.

అడవిలో గుడారం కింద పడుకోవాలని కుర్రాళ్ళకి సరదా ఉంటే చింతూరు నుంచి మారేడుమిల్లి వైపు పంపిస్తాను. అక్కడి వనవిహారి, వాలమూరు దగ్గరి జంగిల్ స్టార్ క్యాంపు అటవీశాఖ ఆధ్వర్యంలో స్థానిక గిరిజనుల సాయంతో నడుస్తున్నాయి. కట్టిన డబ్బులో కొంత ఆ ఊరికి చేరుతుంది, అడవి తెలిసిన మనిషి పక్కన ఉంటాడు. పాపికొండల్లో కొల్లూరు దగ్గర ఇసకతిన్నెల పక్కన వెదురు గుడిసెలూ బాగుంటాయి. కాకపోతే అక్కడికి పడవే దారి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర మునిగిన పడవ గుర్తున్నవాళ్ళెవరూ లైఫ్ జాకెట్ లేకుండా అడుగుపెట్టరు.

మకాం సంగతి ఇంతకన్నా ఎంత పద్ధతిగా చూసుకోవచ్చో కెనడాలో చూశాను. మా మేనల్లుడు కాల్గరీలో ఉంటాడు. వేసవిలో మమ్మల్ని రప్పించి, అక్కడివాళ్ళు 'ఆర్‌వీ' అనే బండి అద్దెకు తీసుకుని రాకీ పర్వతాలు చూపించాడు. అందులోనే మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది. మేం ఇక్కడ విమానం టికెట్ల గురించి ఆలోచిస్తుంటే వాడు చలికాలంలోనే ఫోన్ చేసి, "అత్తా, ముందు మకాములు దొరకనీ, తర్వాత టికెట్లు కొందాం" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అక్కడి జాతీయ ఉద్యానాల్లో వేసవి మకాములకి జనవరి నుంచి మార్చి లోపల, ఒక్కో ఉద్యానానికి ఒక్కో రోజున బుకింగు తెరుస్తారు. బాన్ఫ్, జాస్పర్‌లలో పేరున్న చోట్లు చూస్తుండగానే నిండిపోతాయి. అల్బర్టా రాష్ట్రం వాళ్ళ పార్కులకి 90 రోజుల ముందు, బ్రిటిష్ కొలంబియా పార్కులకి కొన్ని నెలల ముందు. బుక్ చేసేటప్పుడు బండి పొడవు చెప్పాలి, జాగా పొడవు వాళ్ళు చూపిస్తారు. జాగాలు మూడు రకాలు. నీళ్ళు, కరెంటు, మురుగు గొట్టం మూడూ ఉన్నవి. కరెంటు ఒక్కటే ఉన్నవి. ఏమీ లేని వట్టి జాగాలు. బాన్ఫ్ ఊరి పక్కన టనల్ మౌంటెన్ ట్రైలర్ కోర్టులో మూడు సదుపాయాలూ ఉన్నవే 300 పైచిలుకు. మా అత్తగారి వయసువాళ్ళు వెంట ఉంటే అలాంటిదే తీసుకోవాలి. కుర్రవాళ్ళయితే ఏటి పక్కన వట్టి జాగా చాలు, ధర కూడా తక్కువ.

లేక్ లూయిస్ దగ్గర గుడారాల వాళ్ళకి వేరే ఆవరణ, చుట్టూ విద్యుత్ కంచె, ఎలుగుబంట్లు రాకుండా. గట్టి గోడల బళ్ళు ఇంకోవైపు. చుట్టుపక్కల దారులన్నీ అందరికీ కావు. మొరైన్ సరస్సుకి 2023 నుంచి సొంత బళ్ళు పోనివ్వడం లేదు, బస్సే ఎక్కాలి. యోహో ఉద్యానంలో టకకా జలపాతం దారిలో మలుపులు ఎంత బిగుతంటే ట్రైలర్లనీ పొడవాటి బళ్ళనీ కిందే ఆపేస్తారు. లేక్ లూయిస్ నుంచి జాస్పర్‌కి 232 కిలోమీటర్ల మంచుకొండల రోడ్డు. మధ్యలో పెట్రోలు సస్కాచివన్ క్రాసింగ్ అనే ఒక్కచోటే, అదీ సీజన్‌లోనే. ఫోన్ సిగ్నలు చాలాసేపు ఉండదు. చింతూరు ఘాటు ఎరిగినదాన్ని కాబట్టి నాకు కొత్తేమీ అనిపించలేదు.

మా మేనల్లుడు బండి ఆపే తీరు చూడాలి. ముందు నేల వాటం చూసి, పల్లంగా ఉన్న చక్రం కింద ప్లాస్టిక్ పలకలు పెట్టి బండిని సమం చేస్తాడు. వంకరగా నిలబెడితే ఆ ఫ్రిజ్ సరిగ్గా పనిచెయ్యదట. వెళ్ళేరోజు మురుగు వదిలేచోట గ్లౌజులు తొడుక్కుని, ముందు మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేస్తాడు, తర్వాత స్నానాల నీళ్ళు. ఆ రెండో నీళ్ళతో గొట్టం కడుక్కుపోతుంది. ఎవరి మురుగు వాళ్ళే చేత్తో వదిలి, కడిగి, మూత బిగించి పోవడం అక్కడ అందరికీ మామూలే.

ఇంకో నియమం నాకు మొదట కష్టమనిపించింది. ఉదయాన్నే కాకికి ముద్ద పెట్టే అలవాటు నాది. అక్కడ మెతుకు కూడా బయట ఉండకూడదు. తిండి వాసనకు ఎలుగుబంటి ఒకసారి మనుషుల మధ్యకి రావడం మరిగితే చివరికి దాన్ని చంపాల్సి వస్తుంది. అందుకే బయట తిండి వదిలేస్తే 25,000 డాలర్ల దాకా జరిమానా వెయ్యొచ్చని చట్టం. పులిహోర తిన్న ప్లేట్లు వెంటనే కడిగి లోపల పెట్టాం. బల్ల కింద రాలిన శనగపప్పు కూడా ఏరాను. పొద్దున్నే మావాడు కార్చిచ్చు హెచ్చరికలు చూసేవాడు, నేనిక్కడ భద్రాచలం నీటిమట్టం చూసినట్టే. 2024 జులైలో వచ్చిన మంటలకి జాస్పర్ పట్టణంలో మూడోవంతు కట్టడాలు కాలిపోయాయి.

ఆ బండిలో గ్యాసు లీకైతే కూత పెట్టే పరికరం ఉంది. అది చూసినప్పుడు 2023 ఆగస్టు 26 మదురై గుర్తొచ్చింది. స్టేషన్లో ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో, దొంగచాటుగా తెచ్చిన సిలిండరుతో టీ కాస్తుంటే మంటలంటుకుని తొమ్మిదిమంది పోయారు. మనవాళ్ళ యాత్రా బస్సుల్లో సిలిండరు సీట్ల మధ్య పెట్టడం నేనెన్నోసార్లు చూశాను. దయచేసి ఆ పని చెయ్యొద్దు. మా బండిలో గ్యాసు పెట్టం. మకాం దగ్గరే సిలిండరు మాట్లాడుకుంటాం, లేదా ఆరుబయట కట్టెలతో గాడిపొయ్యి. బండి కదులుతుండగా తినడానికి ఇంటినుంచి పులిహోర, చపాతీలు, కారప్పొడి.

మన దేశంలో కేరళ 2021లో ఆర్‌వీల్లాంటి బళ్ళలో చేసే కారవాన్ యాత్రల కోసం ఒక విధానం ప్రకటించింది, మరుసటి ఏడు వాగమన్‌లో అక్కడి మొదటి కారవాన్ పార్కు తెరుచుకుంది. మనకు అంత హంగు అక్కర్లేదు. దసరా తర్వాత భవానీలు ఇటునుంచి బెజవాడ నడిచిపోతారు. మార్గశిరం నుంచి అయ్యప్పస్వాముల బళ్ళు. వాళ్ళంతా మా ఊరి పొలిమేరల్లో రోడ్డు వారనే పొయ్యి వెలిగించుకుంటారు, వీపు వెనకనే లారీలు పోతుంటాయి. ఆడవాళ్ళు చాటుకోసం చీకటిదాకా ఆగుతారు. తిరువూరు శివార్లలో రోడ్డుకి వంద గజాల లోపల ఎకరం చదును నేల, ఆర్వో నీళ్ళ కుళాయి, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరువేరుగా మరుగుదొడ్లు, నాలుగు గాడిపొయ్యిలు, ఒక లైటు, ఒక వాచ్‌మన్ ఉంటే చాలు. బండికి ఇంత అని రుసుము పెట్టినా సంతోషంగా కడతారు. ఈ సంగతులన్నీ, స్థలం కొలతలతో సహా రాసి మా మున్సిపాలిటీలో అర్జీ ఇచ్చాను. మీ ఊరు ఏ యాత్రా మార్గం మీద ఉన్నా మీరూ ఒకటి ఇవ్వండి.