కొల్లేటి గట్టున కెమెరా: చూపు కొలతగా మారాలంటే

కొల్లేరులో హద్దును నిర్ణయించేది ఎత్తు. అయిదడుగుల కాంటూరు లోపలి సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతం 1999లో వన్యప్రాణి అభయారణ్యమైంది. 2002లో రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చేరింది. ఆ హద్దుకు వెలుపల తవ్వినది రైతు చెరువు, లోపల తవ్వినది ఆక్రమణ. ఇటువంటి చోట నిఘా కెమెరా చిత్రాన్ని సాక్ష్యంగా స్వీకరించే ముందు, అది దూరాన్ని సరిగా చెప్పగలదా అని అడగడం న్యాయం.

కెమెరాకు తెలిసినవి పిక్సెళ్ళే, మీటర్లు కావు. పిక్సెళ్ళను మీటర్లలోకి మార్చే సూత్రాన్ని స్థిరపరచడమే క్రమాంకనం. మొదటి పని కటకానికి సంబంధించినది. చదరంగపు గళ్ళ పలకను పదిహేను, ఇరవై భిన్నకోణాలలో చిత్రించి, నాభ్యంతరాన్ని, అంచుల వద్ద గీతలు వంగే తీరును లెక్కగట్టాలి. జెంగ్‌యూ ఝాంగ్ 2000లో ప్రచురించిన ఈ పద్ధతి ఓపెన్‌సీవీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లభిస్తుంది. జూమ్ మార్చితే ఆ లెక్క చెల్లదు.

రెండవది, స్తంభంపై కెమెరా ఎంత ఎత్తున, ఎంత వాలులో ఉన్నదో తేల్చడం. అసలు చిక్కు ఇక్కడే. 10 మీటర్ల ఎత్తునుండి 200 మీటర్ల దూరాన నేలను చూసే చూపు వాలు మూడు డిగ్రీలైనా ఉండదు. అందులో అర డిగ్రీ తక్కువగా లెక్కిస్తే అదే చోటు 242 మీటర్ల దూరాన ఉన్నట్లు తేలుతుంది. గాలికి స్తంభం కొద్దిగా ఒరిగినా చాలు, రైతు గట్టు కాగితంపై అభయారణ్యంలోకి జరిగిపోవచ్చు.

తాడేపల్లిగూడెం మెట్టతోటలలో నేల కదలదు. కొల్లేటిలో నీరే నేల. బుడమేరు, తమ్మిలేరు వరద తెచ్చినప్పుడు నీటిమట్టం ఒక మీటరు పెరిగితే, కెమెరా ఎత్తు నీటిపై 9 మీటర్లే. పాత లెక్క ప్రకారం 200 మీటర్ల దూరాన కనిపించే గూడబాతుల గుంపు నిజానికి 180 మీటర్లలోనే ఉంటుంది. గుంపు విస్తీర్ణం ఎక్కువగా తేలడంతో, ఆటపాక వంటి చోట పక్షుల సాంద్రత దాదాపు అయిదోవంతు తగ్గినట్లు భ్రమ కలుగుతుంది. తగ్గినది పక్షులు కావు.

అందువల్ల కెమెరాకు కనిపించేలా నీటిలో ఒక కొలబద్దను పాతి, దాని మట్టంతో లెక్కను రోజూ సవరించాలి. గట్లపై ఆరేడు స్థిరమైన గుర్తులను ఎత్తుతో సహా సర్వే చేయించాలి. కిక్కిస దుబ్బులకు కట్టిన గుర్తులు పనికిరావు. ఒకటి రెండు గుర్తులను లెక్కలో చేర్చక పరీక్షకు ఉంచాలి. ప్రతి తుపాను తరువాత వాటిని మళ్ళీ చూసి, తేడా ఎన్ని మీటర్లో తేదీతో నమోదు చేయాలి. ఆ నమోదు లేని చిత్రం ఆధారంగా ఏ రైతుకూ నోటీసు పోరాదు.