వాన పడే ఊరికి పార్సిల్ ఆగాలి: కోడ్ రాయకుండా ఆన్‌లైన్ స్టోర్‌కి వెదర్ డేటా కలపడం ఎలా?

పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న స్టోర్ ఒకటి ఉందనుకోండి. రేకు కాగితం కంటే పల్చన, కాస్త తేమ తగిలితే మెత్తబడిపోతుంది. ఆగస్టులో అట్టపెట్టె తడిసి చేరిందంటే డబ్బులు వాపసు ఇవ్వాలి, పైగా ఒక స్టార్ రివ్యూ. అలాగని ప్రతి ఆర్డర్‌కీ ఫోన్ తీసి ఆ ఊళ్లో వాన ఉందా లేదా అని చూస్తూ కూర్చోలేం కదా. ఈ పని నో-కోడ్ టూల్‌కి అప్పగించొచ్చు. కోడ్ రాసి జీతం తీసుకునేవాడిని నేను ఇలా అనకూడదు గానీ, దీనికి నిజంగా కోడ్ అక్కర్లేదు.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి: ఎవరి ఊరి వాతావరణం? చాలా ట్యుటోరియల్స్‌లో షాపు ఉన్న ఊరి వెదర్ తీసుకుని, వాన పడితే హోమ్‌పేజీలో గొడుగు బ్యానర్ మారుస్తారు. చూడ్డానికి బాగుంటుంది, అంతే. మనకి కావాల్సింది కస్టమర్ పిన్‌కోడ్‌లో, పార్సిల్ చేరే రోజున పడబోయే వాన.

ఎలా కలపాలి?

స్టోర్ ఊకామర్స్‌లో ఉంది, ఆటోమేషన్‌కి మేక్, వాతావరణానికి ఓపెన్‌వెదర్ అనుకుందాం. మేక్‌లో కొత్త వెబ్‌హుక్ తయారుచేస్తే ఒక లింక్ వస్తుంది. దాన్ని ఊకామర్స్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద ఉండే వెబ్‌హుక్స్‌లో పెట్టి, 'ఆర్డర్ క్రియేటెడ్' ఎంచుకోండి. ఇక ఆర్డర్ పడగానే వివరాలు మేక్‌కి వచ్చేస్తాయి. తర్వాత హెచ్‌టీటీపీ మాడ్యూల్ నుంచి ఓపెన్‌వెదర్‌ని 5 రోజుల ఫోర్‌కాస్ట్ అడగాలి. ఇది 3 గంటలకొకటి చొప్పున 40 ఎంట్రీలు ఇస్తుంది.

చిక్కులన్నీ ఇక్కడే. పిన్‌కోడ్ పక్కన కామా పెట్టి ఇండియా కోడ్ ఇవ్వకపోతే అది అమెరికాలో వెతుకుతుంది. యూనిట్స్ మెట్రిక్ అని చెప్పకపోతే ఉష్ణోగ్రత కెల్విన్‌లో వస్తుంది, 308 చూసి కంగారుపడొద్దు, అది 35 డిగ్రీలే. టైమ్ యూటీసీలో ఉంటుంది కాబట్టి మన రోజు లెక్కకి ఐదున్నర గంటలు కలపాలి. అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది ఇంకోటి ఉంది: వాన లేని ఎంట్రీలో వర్షం ఫీల్డ్ సున్నాగా రాదు, అసలు ఫీల్డే ఉండదు. ఖాళీగా ఉంటే సున్నా అనుకోమని మేక్‌లో 'ఇఫ్ ఎంప్టీ' ఫంక్షన్‌తో చెప్పాలి. కొత్త ఏపీఐ కీతో మొదట్లో 401 ఎర్రర్ వస్తే కాసేపు ఆగండి, కీ యాక్టివేట్ అవడానికి ఒకట్రెండు గంటలు పట్టొచ్చు. ఆ కీని సైట్ థీమ్‌లో మాత్రం పెట్టకండి, పేజీ సోర్స్ తెరిస్తే ఎవరికైనా కనిపిస్తుంది.

తర్వాత ఐటరేటర్, డెలివరీ తేదీ ఎంట్రీల్ని మాత్రమే వదిలే ఫిల్టర్, వాటి వర్షాన్ని కలిపే అగ్రిగేటర్. ఈ వరుస ముఖ్యం. అగ్రిగేటర్ లేకుండా ఐటరేటర్ వెనకే మెయిల్ మాడ్యూల్ పెడితే ఒక్క ఆర్డర్‌కి 40 మెయిల్స్ వెళ్లే ప్రమాదం ఉంది.

మొత్తం ఎంత దాటితే ఆపాలి? వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ వర్షం. పూతరేకులకి నేనైతే 64.5 దాకా ఆగను, 20 దగ్గరే గీత గీస్తాను. పచ్చళ్ల జాడీలకి 64.5 చాలు. గీత దాటితే ఆర్డర్‌కి ఒక నోట్ తగిలించండి. అయితే మొదటి రెండు వారాలు ప్రైవేట్ నోట్ మాత్రమే. కస్టమర్ నోట్ అయితే వెంటనే వాళ్లకి మెయిల్ వెళ్లిపోతుంది. టూల్ మాట నమ్మొచ్చో లేదో మీరు చూసుకున్నాక అది ఆన్ చేయండి.

ఫ్రీ ప్లాన్ సరిపోతుందా?

మేక్ ఫ్రీ ప్లాన్‌లో నెలకి 1000 క్రెడిట్లు. పైన చెప్పిన పద్ధతిలో ఒక ఆర్డర్‌కి సుమారు 6 ఖర్చవుతాయి, అంటే నెలకి 100 ఆర్డర్లకి 600. హాయిగా సరిపోతుంది. వెబ్‌హుక్ మానేసి 15 నిమిషాలకొకసారి కొత్త ఆర్డర్ వచ్చిందా అని చూసేలా పెడితే మాత్రం రోజుకి 96, నెలకి 2880 సార్లు చూడాలి. ఒక్క ఆర్డర్ రాకపోయినా కోటా అయిపోతుంది! వెదర్ వైపు ఓపెన్-మెటియో ఇంకా తేలిక, కీ కూడా అడగదు. కానీ దాని ఫ్రీ వెర్షన్ వ్యాపారేతర వాడకానికే, స్టోర్‌కి పెట్టుకోవడం కరెక్ట్ కాదు.

ఈ సెటప్‌కి తెలియనిది ఒకటుంది: వరద. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు, వాన తగ్గాక కూడా రోజుల తరబడి నీళ్లు తీయలేదు. అలాంటి రోజున ఫోర్‌కాస్ట్ 'వాన లేదు' అని చెప్పొచ్చు, పార్సిల్ పడవలో వెళ్లాల్సి రావచ్చు. అందుకని ఒక గూగుల్ షీట్‌లో ఆపాల్సిన పిన్‌కోడ్ల జాబితా పెట్టుకోండి, వెదర్ అడిగే ముందే మేక్ ఆ షీట్ చూసేలా ఒక మాడ్యూల్ కలపండి. ఆర్డర్‌కి ఇంకో క్రెడిట్ పడుతుంది. రెడ్ అలర్ట్ వార్త కనపడగానే ఫోన్‌లోంచే ఆ ఊళ్ల పిన్‌కోడ్లు అందులో టైప్ చేయండి, నీళ్లు తీశాక తీసేయండి.