పైన రైలు - కింద దారి

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఉంది. అక్కడ బర్క్‌లీ, ఆల్బనీ, ఎల్ సెరిటో పక్కపక్క పట్టణాలు. మూడింటినీ కలుపుతూ ఒక దారి ఉంది. దాని పేరు ఓలోనీ గ్రీన్‌వే. గ్రీన్‌వే అంటే పచ్చని దారి. ఓలోనీలు ఆ ప్రాంతపు ఆదివాసులు. వాళ్ల పేరే దారికి పెట్టారు.

పూర్వం అక్కడ శాంటా ఫే కంపెనీ రైళ్లు నడిచేవి. 1973లో బార్ట్ అనే కొత్త రైలు వచ్చింది. ఆల్బనీ, ఎల్ సెరిటోలలో అది ఎత్తైన స్తంభాల మీద పోతుంది. కింది నేలను ఊరికే వదిలేయలేదు. దారి వేశారు. చెట్లు పెంచారు.

ఈ దారిలో కార్లు, లారీలు పోవు. నడిచేవాళ్లు, సైకిలు తొక్కేవాళ్లు పోతారు. పిల్లలతో వెళ్లే తల్లికి వెనక నుంచి లారీ వస్తుందన్న బెంగ లేదు. అడ్డరోడ్డు వచ్చినచోట మాత్రం ఆగి, అటూ ఇటూ చూసి దాటాలి.

కారు లేనివాళ్లూ ఊరు దాటాలి కదా! దారి బండ్లకే కాదు, కాళ్లకూ కావాలి.