ముద్ద దిగనివ్వని అకలేషియా – బెలూన్ చికిత్స

మింగిన అన్నము రొమ్ము నడుమ నిలిచిపోవుట, మంచినీరు సైతము దిగకుండుట, పడుకొన్నప్పుడు అరగని ఆహారము నోటిలోనికి తిరిగివచ్చి దగ్గు పుట్టించుట, శరీరము క్రమముగా చిక్కిపోవుట - ఇవి అకలేషియా లక్షణములు. పలువురు దీనిని అజీర్తియని భావించి వాము, శొంఠి కషాయములతో నెలలు గడుపుదురు.

అన్నవాహిక చివర ఒక కండర వలయమున్నది. ముద్ద వచ్చినప్పుడు అది సడలి దారి ఇయ్యవలెను. దానిని సడలించు నాడీకణములు క్షీణించినచో వలయము బిగిసియే యుండును. పైభాగము సంచివలె సాగును. ఆ కణములను తిరిగి మొలిపించు ఔషధము ఏ వైద్యమునందును లేదు. కావున ఆ ద్వారమును తెరువవలసినదే.

బేరియం ఎక్స్‌రే, ఎండోస్కోపీ, మానోమెట్రీ పరీక్షలతో వ్యాధిని నిర్ధారించి, క్యాన్సర్ లేదని తేల్చుకొన్న పిమ్మట, మత్తు ఇచ్చి బెలూన్‌ను ఆ ఇరుకున నిలిపి గాలితో ఉబ్బింతురు. బిగిసిన కండరపు పోగులు తెగి దారి ఏర్పడును. సాధారణముగా 30 మిల్లీమీటర్ల వ్యాసముతో ఆరంభించి, అవసరమైనచో కొన్ని వారములకు 35, ఆపై 40కి పెంచెదరు. మూత్రద్వారము మూసుకొనిపోవు నిరుద్ధప్రకశమందు నేయి పూసిన గొట్టమును మూడేసి దినములకు లావు పెంచుచు ప్రవేశపెట్టుమని సుశ్రుతుడు విధించెను. పద్ధతి వేరైనను క్రమముగా పెంచు నియమము ఒక్కటే.

నూటికి ఒకరిద్దరికి అన్నవాహిక చిరుగు ప్రమాదము కలదు. చికిత్సానంతరము తీవ్రమైన రొమ్ము నొప్పి, జ్వరము, ఆయాసము కలిగినచో తక్షణమే ఆసుపత్రికి పోవలెను. కొందరికి కొన్నేండ్లకు మరల చేయవలసివచ్చును. శస్త్రచికిత్స మరొక మార్గము.

మెత్తని ఆహారమును బాగుగా నమిలి, కూర్చుండి, గోరువెచ్చని నీటితో భుజింపుడు. భోజనమైన మూడు గంటల వరకు పడుకొనరాదు. ఇవి ఉపశమనములే గాని చికిత్స కావు.