కోనసీమలో పూర్వీకుల సమాధుల అన్వేషణ: ఖనన పట్టికలు, మరణ రిజిస్టర్లు, భూమి రికార్డులు

ఉపోద్ఘాతం

వంశచరిత్రలు రాసేవారికి, గ్రామచరిత్రలు సేకరించే పరిశోధకులకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఫలానా ముత్తాతను ఎక్కడ పూడ్చిపెట్టారు? పాశ్చాత్య దేశాల్లో ఈ ప్రశ్నకు సమాధానం వెతికేవారికి చర్చి ఖనన పట్టిక, సమాధుల వరుసలు చూపే పటం, రాతిపలక మీది పేరు ఆధారాలవుతాయి. ఆ పద్ధతినే అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలకు యథాతథంగా వర్తింపజేస్తే కొద్దిమంది ఐరోపావారి పేర్లు మాత్రమే దొరుకుతాయి. అంతమాత్రాన ఇక్కడ రికార్డులు లేవని నిర్ణయించడం తొందరపాటు. మరణ రిజిస్టరు మనిషిని చెబుతుంది, చోటు చెప్పదు. సర్వే రికార్డు చోటును చెబుతుంది, మనిషిని చెప్పదు. ఈ రెంటినీ కలిపి చదివే విధానాన్ని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

పేర్లున్న సమాధులు

ముందుగా సులభమైన భాగం. మద్రాసు రాష్ట్రంలోని సమాధి శాసనాలను జూలియన్ జేమ్స్ కాటన్ సేకరించి 1905లో గ్రంథంగా వెలువరించాడు. జిల్లాల వారీగా సాగిన ఆ పట్టిక ఐరోపావారి సమాధుల విషయంలో నేటికీ తొలి ఆధారం. ఈస్టిండియా కంపెనీ కాలం నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిలు పంపిన ఖననాల నకళ్లు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల ఎన్/2 శ్రేణిలో ఉన్నాయి. దక్షిణాసియాలోని ఐరోపా సమాధుల కోసం 1976లో ఏర్పడిన బాక్సా అనే సంఘం తన పత్రాలను కూడా అక్కడే భద్రపరిచింది.

ఇక్కడ ఊరిపేర్ల రాత ప్రధాన సమస్య. అల్లవరం మండలంలోని బెండమూర్లంక 18వ శతాబ్దంలో ఆంగ్లేయుల వర్తక స్థావరం. పత్రాలలో అది ‘బండముర్లంక’గా కనిపిస్తుంది. గౌతమికి ఆవల ఉన్న ఇంజరం ‘ఇంజెరం’ అయింది. నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం ‘మడపొల్లం’ అయింది. రాజోలు సరేసరి, ఆంగ్ల లిపిలో దాని రెండో అక్షరం నేటికీ వేరు. ఒక్క రూపంతోనే వెతికి ఏమీ దొరకలేదనే వారిలో సగం మందికి అసలు అడ్డంకి ఇదేనని నా అభిప్రాయం.

పాలన సరిహద్దుల మార్పు మరొక చిక్కు. నేటి రాజోలు పరిసరాలైన నగరం లంక ఒకప్పుడు నరసాపురం తాలూకాలో భాగం. 1904లో నరసాపురం తాలూకాను కృష్ణా జిల్లాకు మార్చినప్పుడు నగరం లంకను మాత్రం గోదావరి జిల్లాలోనే ఉంచారు. కాబట్టి అంతకుముందరి కాలానికి రాజోలు ప్రాంతపు వివరాలను నరసాపురం శీర్షిక కింద చూడాలి. 1925లో గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. 2022లో కోనసీమ ప్రత్యేక జిల్లా అయింది. అయినా పాత జిల్లా రికార్డుకు కాకినాడే చిరునామా.

ఎదుర్లంకకు ఆవలి ఒడ్డున ఉన్న యానాం పరిస్థితి భిన్నం. అక్కడి ఫ్రెంచి పౌర నమోదు పుస్తకాలు ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ విదేశ పత్రాగారంలో ఉన్నాయి. గౌతమికి ఇరువైపులా బంధుత్వాలున్న కుటుంబాలకు ఇవి ఉపయోగపడతాయి.

క్రైస్తవ సంఘాల పట్టికలు

కోనసీమ క్రైస్తవులలో చాలామంది గోదావరి డెల్టా మిషన్ సంప్రదాయానికి చెందినవారు. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఈ దేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా దీనిని ప్రారంభించారు. ఈ బ్రదరన్ సంప్రదాయంలో ప్రతి స్థానిక సంఘమూ స్వతంత్రం. పైన బిషపు లేడు, పట్టికల నకళ్లు పంపవలసిన కేంద్ర కార్యాలయం లేదు. శిశు బాప్తిస్మం లేనందున పుట్టుకకు దగ్గరగా రాసుకున్న పుస్తకమూ ఉండదు. ఆంగ్లికన్ సంఘాల విషయంలో లండన్ వరకు సాగే పత్రపరంపర ఇక్కడ ఊరి పెద్ద ఇంటి పెట్టె దగ్గరే ఆగిపోతుంది. ఉన్న సంఘాలలో బాప్తిస్మ పట్టిక, సభ్యుల పట్టిక ముందు అడగాలి. సభ్యుని పేరు ఎదుట ‘ప్రభువునందు నిద్రించెను’ వంటి మాట, తేదీ ఉంటే అదే మరణ సాక్ష్యం.

మరణ రిజిస్టరు, తిథి

హిందువులలో దహనమే సాధారణమని అనుకుంటాం గాని, ఖననం కూడా విస్తారంగా ఉంది. వీరశైవులు, సన్న్యాసులు, చిన్న పిల్లలు, అనేక కులాల వారు ఖననం పొందినవారే. వీరెవరికీ ఖనన పట్టిక లేదు. వీరికి తొలి ఆధారం మరణ రిజిస్టరు. మద్రాసు జనన మరణాల నమోదు చట్టం 1899లో వచ్చింది. గ్రామాలలో ఆ నమోదు బాధ్యత మునసబుది. నేడు అమలులో ఉన్నది 1969 నాటి చట్టం. దాని 17వ విభాగం ప్రకారం ఎవరైనా రుసుము చెల్లించి రిజిస్టరులో వెతికించుకోవచ్చు, నకలు పొందవచ్చు. అయితే మరణ కారణం ఆ నకలులో ఇవ్వరు. 1984లో మునసబు, కరణాల ఉద్యోగాలు రద్దయ్యాయి, మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ రెండు మార్పుల మధ్య పుస్తకాలు చేతులు మారాయి. కాబట్టి పంచాయతీ, మండల, జిల్లా కార్యాలయాలు మూడింటా విచారించాలి.

రిజిస్టరు చేతికి వచ్చినా ఏ సంవత్సరం తెరవాలో తెలియాలి. కుటుంబాలకు గుర్తుండేది తేదీ కాదు, తిథి. తద్దినం పెట్టే ఇంట తిథి తరాల పాటు నిలుస్తుంది. దానితో పాటు సంవత్సర నామం కూడా దొరికితే పని చాలావరకు తీరినట్టే. ఉదాహరణకు ‘శుక్ల సంవత్సర మాఘ బహుళ పంచమి’ అని పెద్దలు చెప్పారనుకుందాం. అరవై ఏళ్ల చక్రంలో శుక్ల 1929లోనూ 1989లోనూ మొదలయింది. మనుమల వయసును బట్టి మొదటిదే సరిపోతుందని తేలితే చూడవలసింది 1929 పుస్తకం కాదు, 1930 పుస్తకం. ఉగాదితో మొదలయ్యే ఏడు మాఘం నాటికి ఆంగ్ల సంవత్సరంలో తరువాతి దానిలోకి వెళుతుంది. తేదీ నిర్ధారణకు ఆ నాటి పంచాంగమే శరణ్యం. కావ్యకాల నిర్ణయానికి తెలుగు పరిశోధకులు చేసే లెక్కే ఇది.

రిమార్కుల గడి

మరణ రిజిస్టరులో పేరు, వయసు, కులం లేదా మతం, వృత్తి తెలిశాయి. పూడ్చిన చోటు కోసం ఇప్పుడు భూమి రికార్డుకు వెళ్లాలి. రైత్వారీ గ్రామాలకు డైగ్లాట్, రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లు, జమీందారీ, ఇనాం గ్రామాలకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ మూలాధారాలు. వీటిలో శ్మశానం పోరంబోకుగా ఉంటుంది. ఏ సర్వే నంబరు, ఎంత విస్తీర్ణం అన్నవి గడులలో ఉంటాయి. అసలు విషయం చివరి గడిలో, అంటే రిమార్కులలో ఉంటుంది. అక్కడ ‘శ్మశానం’ అని ఊరుకోక, ఫలానా కులం వారి శ్మశానం, క్రైస్తవుల సమాధులు, తురకల గోరీలు అని విడివిడిగా రాసి ఉంటుంది. మరణ రిజిస్టరులోని కులం గడిని ఈ రిమార్కుతో జత చేస్తే ఆ వ్యక్తిని పూడ్చిన నేల ఏదో తెలుస్తుంది. గ్రామ నక్షా, ఎఫ్ఎంబీ ఆ నేల హద్దులు చూపుతాయి.

గుఱ్ఱం జాషువా శ్మశానవాటి పద్యాలు హరిశ్చంద్ర నాటకం ద్వారా ఊరూరా వినిపించాయి. అస్పృశ్యతకు అక్కడ చోటు లేదన్న భావం తరతరాల శ్రోతలను కదిలించింది. అదే ఊళ్ల రెవెన్యూ పుస్తకం మాత్రం చచ్చినవారిని కులం వారీగా నంబర్లు వేసి విడదీసింది. కవి ఆదర్శానికీ గుమాస్తా రాతకూ మధ్య ఉన్న ఈ దూరం సాహిత్య పరిశోధకులు విడిగా పట్టించుకోదగినది. విచిత్రమేమంటే, బతికినప్పుడు అవమానానికి గురిచేసిన ఆ విభజనే నేడు భూమిలేని కుటుంబాల పూర్వీకుల జాడకు మిగిలిన ఏకైక లిఖిత సాక్ష్యం.

ఈ పద్ధతి చూపేది శ్మశానాన్నే గాని సమాధిని కాదు. మట్టి దిబ్బలు కొన్నేళ్లకు నేలమట్టమవుతాయి. అదే చోట మరొకరిని పూడుస్తారు. లంక గ్రామాలలోనైతే గట్టు కోతకు శ్మశానాలే ఏటిపాలవుతాయి. అటువంటప్పుడు నక్షాలోని సర్వే నంబరు నేడు నీటి మధ్య ఉంటుంది. చెట్టు, గట్టు, బోదె గుర్తులతో చోటు చూపగల వృద్ధుల సాక్ష్యాన్ని నక్షా ముందు పెట్టి నమోదు చేయాలి.

సముద్రం దాటినవారు

దక్షిణాఫ్రికాలోని తెలుగువారు ఈ ప్రశ్నను వెనుకవైపు నుంచి అడుగుతారు. 1860–1911 మధ్య నేటాలుకు వెళ్లిన 1,52,184 మంది ఒప్పంద కూలీల ఓడ పట్టికలలో ప్రతివారికీ ఒక సంఖ్య ఉంది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం రాశారు. అక్కడి ముత్తాత సమాధి తెలిసినవారికి ఇక్కడి తండ్రి పేరు, గ్రామం చేతికందుతాయి. 1899కి ముందు మరణించిన ఆ తండ్రి విషయంలో రిజిస్టరు మీద ఆశ తక్కువ. కులం, గ్రామం రెండూ తెలుసు కనుక రిమార్కుల గడికి నేరుగా వెళ్లవచ్చు.

రీసర్వే

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలయింది. రీసర్వే పూర్తయిన గ్రామాలలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వస్తున్నాయి. పట్టా భూమికి హక్కుదారుడు ఉంటాడు, తన పాత నంబరు కొత్తదానిలో ఏమయిందో చూసుకుంటాడు. శ్మశాన పోరంబోకుకు అలా చూసుకునే వారు లేరు. చుట్టూ చేపల చెరువులు, కొబ్బరి తోటలు ఉన్న చోట అర ఎకరం శ్మశానం హద్దు జరిగినా పత్రం మీద వెంటనే కనిపించదు. కొత్త రికార్డులో ‘శ్మశానం’ అన్న ఒక్క మాటే మిగిలితే, ఎవరి శ్మశానమన్న పాత రిమార్కు డైగ్లాట్‌లో మాత్రమే ఉండిపోతుంది. గ్రామచరిత్రల మీద పనిచేసే పరిశోధకులు తమ గ్రామానికి సంబంధించిన పాత శ్మశాన నంబర్లను, విస్తీర్ణాలను, రిమార్కులను ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాసి, వాటి ఎదుట ఎల్‌పీఎం నంబరు చేర్చిన పట్టికను తమ సిద్ధాంత గ్రంథాలకు అనుబంధంగా ఇవ్వవచ్చు. ఒక గ్రామానికి ఇది రెండు మూడు పుటలకు మించదు.