గాలికి తెరచి, నక్కకు మూసి: థార్ ఎడారిలో పెరటికోళ్ళు

మే నెల వచ్చినదంటే రెంటచింతల ఎండ, రామగుండము ఎండ అని మనము చెప్పుకొనుట వాడుక. ఆ ఎండలను తలదన్నునట్టి ఎండ పశ్చిమ రాజస్థానములోని థార్ ఎడారిలో కాయును. 2016వ సంవత్సరము మే 19వ తేదీన ఫలోదీ పట్టణములో ఉష్ణోగ్రత 51 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరినది. అది నీడలో కొలిచిన వేడి. ఇసుకమీద కొలిచినచో పట్టపగలు 60 డిగ్రీలు దాటుట అక్కడ వింత కాదు.

అట్టి నేలలో కోళ్ళు పెంచువారున్నారా యని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. ఉన్నారు. మార్వాడ్ పల్లెలలో శాకాహార నియమము గల కుటుంబములు అనేకము గనుక, కోళ్ళు తిరుగు ముంగిళ్ళు మన యూళ్ళలో వలె అడుగడుగునను కానరావు. దక్షిణమున ఉదయపూరు కొండలవైపు, భిల్లుల గూడెములలో, అవి సర్వసామాన్యము. పెంచుకొను పేద యింట ఆ ఆరు పెట్టలును, ఒక పుంజును ఇల్లాలి చేతి సొమ్ము. మేకను అమ్మవలెనన్న ఇంటిల్లిపాది మాట కావలెను. గ్రుడ్లు అమ్మిన డబ్బు ఆమె కొంగుముడిలోనే యుండును. ఉప్పు, పిల్లవాని పలక, జ్వరమునకు మాత్ర అందుండియే వచ్చును. ఒక్క మధ్యాహ్నపు వడగాలికో, ఒక్క రాత్రి నక్కకో గూడు ఖాళీయైనచో మరల అన్ని పెట్టలను కూర్చుకొనుట ఆమెకు సులభము కాదు.

ఈ రెండు శత్రువులను వేరువేరుగా ఎదుర్కొనుట కష్టము కాదు. చిక్కంతయు రెండును ఒక్క గూటి చుట్టే తిరుగుటలో నున్నది. ఎండనుండి కాపాడవలెనన్న గూటిని తెరచి యుంచవలెను. నక్కనుండి కాపాడవలెనన్న మూసి యుంచవలెను. ఒకదానిని తలచుకొని రెండవదానిని మరచినవారి గూళ్ళే తెల్లవారునప్పటికి ఖాళీగా కనిపించును.

మొదట ఎండ సంగతి. కోడికి చెమట పట్టదు. దాని శరీరపు వేడి సహజముగనే 41, 42 డిగ్రీల మధ్య నుండును. మనకు ఆపాటి జ్వరము వచ్చినచో వైద్యునికొరకు పరుగెత్తుదుము. చుట్టునున్న గాలి అంతకన్న చల్లగా నున్నంతవరకు తలమీది తురాయినుండి, గొంతు క్రింద వ్రేలాడు ఎఱ్ఱని తోలునుండి, ఈకలు లేని కాళ్ళనుండి కొంత వేడి వెలుపలికి పోవుచుండును. అందుకే కోడి ఎండవేళ రెక్కలను ఒంటికి ఎడముగా చాచి నిలుచును. గాలి వేడి 42 డిగ్రీలు దాటినప్పుడు ఈ దారి మూసికొనిపోవును. ఇక మిగిలిన ఉపాయము రొప్పుట ఒక్కటే. మామూలుగా నిమిషమునకు పాతిక, ముప్పది సార్లు ఊపిరి పీల్చు పక్షి నూట యేబది సార్లకు మించి రొప్పును. నోటిలోని, గొంతులోని తడి ఆవిరియగుచు లోపలి వేడిని వెంట తీసికొనిపోవును.

రొప్పుటకు కోడి చెల్లించు వెల కూడ కలదు. ఊపిరితో పాటు రక్తములోని బొగ్గుపులుసు వాయువు అతిగా వెలికి పోవును. గ్రుడ్డు పెంకు దాదాపుగా కాల్షియం కార్బొనేటు అను సున్నపు పదార్థము. దానిని కట్టుటకు రక్తములో ఆ వాయువునకు సంబంధించిన లవణములు చాలినంత యుండవలెను. అవి తరిగినందున వేసవి గ్రుడ్ల పెంకు పలుచనై చేతిలోనే చిట్లును. పెట్టకు తిండి చాలలేదని ఇల్లాలు మరికొన్ని గింజలు చల్లును గాని లోపము గింజలలో లేదు.

ఇక్కడ ఎడారి చేయు ఒక మేలును చెప్పుకొనవలెను. అక్కడి గాలి వేసవిలో మిక్కిలి పొడిది. తడి ఆవిరియగుటకు పొడిగాలి కన్న మంచి తోడు లేదు. ఒక్క లీటరు నీరు ఆవిరియైనచో సుమారు 580 కిలో కేలరీల వేడిని గుంజుకొనును. మంచువలె చల్లనైన నీటిని ఆరు లీటర్ల దాక మరిగించుటకు ఇంచుమించు అంత వేడి చాలును. కోనసీమలో మే నెల ఉక్కపోతలో గూటికి తడి గోనెపట్టా కట్టినచో గోనె తడిగానే యుండును, కోడి రొప్పుచునే యుండును. థార్‌లో అదే గోనె గంటలో ఎండిపోవును. ఆ గంటసేపు దాని వెనుకనున్న గాలి స్పష్టముగ చల్లబడును. కావున తీరాంధ్రపు ఉపాయమును ఎడారికి, ఎడారి ఉపాయమును తీరమునకు కన్ను మూసికొని తీసికొనిపోరాదు. థార్‌లోనే జులైలో నైరుతి గాలి వచ్చిన తరువాత తేమ పెరుగును. అప్పుడు తడి గోనె పని తగ్గును, తడిసిన నేల రోగములను పెంచును.

నీరు అక్కడ చౌకయైన వస్తువు కాదు. వానకాలమున ఇంటిముందరి భూగర్భపు తొట్టిలో, వారు టాంకా అందురు, పట్టి యుంచిన నీరే ఏడాది పొడుగున ఆదుకొనవలెను. కోడి చల్లని దినములలో రోజునకు పావు లీటరు త్రాగును; వడగాలి దినములలో అందుకు రెట్టింపు, ఇంకను ఎక్కువ త్రాగును. ఆరేడు కోళ్ళకు మూడు నాలుగు లీటర్లు కావలెనన్నమాట. ఆ నీటిని రేకు పళ్ళెములో ఎండలో ఉంచినచో పదిగంటలకే కాగిపోవును, కోడి ముక్కు పెట్టి వెనుదీయును. మట్టి మూకుడులో నీడన ఉంచినచో ఆవిరివలన నీరు తనంతట తానే చల్లబడును. ఒక్క మూకుడు కాక రెండు మూడు చోట్ల ఉంచవలెను. పుంజు ఒకదానిని కాపు కాసికొని బలహీనమైన పెట్టను త్రోలివేయుట కద్దు. గోనెను తడుపుటకు త్రాగునీరు అక్కరలేదు, గిన్నెలు కడిగిన నీరు చాలును.

ఇక గూడు. రేకు పెట్టె వంటి గూడు చేసి తాళము వేసినచో నక్క దానిని ఏమియు చేయజాలదు. ఎండయే దానిని పెనముగ మార్చి కోళ్ళను చంపును. మన పల్లెలలో వలె రాత్రి గంప బోర్లించి పైన రాయి పెట్టుటయు అక్కడి వేసవికి తగదు, గాలి ఆడదు. ఆ బాధ చూడలేక కోళ్ళను చెట్టుకొమ్మపై వదలివేయువారున్నారు. గాలికి లోటుండదు కాని, చెట్టెక్కు అడవిపిల్లికి, రెక్కలున్న గుడ్లగూబకు అది వడ్డించిన విస్తరి.

సరియైన గూడు తూర్పు పడమరలుగా పొడుగు కలిగి యుండవలెను. అప్పుడు ఉదయపు, సాయంకాలపు ఏటవాలు ఎండ పొట్టి గోడలకే తగులును. ఆ పొట్టి గోడలను మట్టితో మూయవచ్చును. ఉత్తర దక్షిణపు పొడుగు ప్రక్కలను మోకాటి ఎత్తుదాక మట్టి కట్టి, పైన ఇనుప జాలీ బిగింపవలెను. పైకప్పునకు ఆ నేలలోనే దొరకు ఖీంప్ పొదల పుల్లలు, సజ్జ చొప్ప దట్టముగ పరచి, రెండు మూడు అడుగుల చూరు వదలవలెను. ఆ ప్రాంతపు గుండ్రని గుడిసెలు, ఝోంపాలు, ఇట్టి కప్పుతోనే తరతరములుగా మనుషులను ఎండనుండి కాపాడుచున్నవి. రేకు కప్పు తప్పనిచో పైన సున్నము పూయవలెను. తెలుపు ఎండను చాలవరకు త్రిప్పికొట్టును.

చొప్ప కప్పు చల్లనిదే కాని, పాములకు, ఎలుకలకు అదే ఆశ్రయము. కాబట్టి కప్పు క్రింద కూడ జాలీ పరచి, గోడజాలీతో కలిపి తీగతో కుట్టవలెను. చూచుటకు చిన్న పనియే; దీనిని విడిచిపెట్టినచో తక్కిన శ్రమయంతయు వ్యర్థము.

జాలీ విషయమున మోసపోవుట సులభము. బజారులో కోళ్ళ వల యను పేర దొరకు ఆరుకోణముల పలుచని తీగ వల కోడిని లోపల ఆపుటకు పనికివచ్చును గాని, వెలుపలి కుక్కను ఆపజాలదు. పండ్లతో లాగినచో చినిగిపోవును. అతుకు వేసిన గట్టి తీగతో, కన్ను అర అంగుళమునకు మించని జాలీ కావలెను. అంగుళము కన్ను గల జాలీలో ఎలుకయు, పిల్ల పామును దూరును. ముంగిసకు పిడికెడు సందు దొరకినచో చాలును, తల పట్టినచోట ఒడలు పట్టును.

నేల సంగతి మరింత జాగ్రత్తగా చూడవలెను. నక్క, కుక్క గోడమొదట నిలిచి త్రవ్వును. ఇసుకలో త్రవ్వుట వాటికి ఆట. అడుగు లోతున జాలీని పాతి, అక్కడినుండి వెలుపలివైపు అడుగున్నర వెడల్పున పరచి కప్పివేసినచో త్రవ్వు కాలికి తీగ తగులును. మృగము అడుగు వెనుకకు వేసి అక్కడనుండి త్రవ్వవలెనన్న తెలివి చూపుట అరుదు. అయితే మే, జూన్ నెలలలో వీచు ధూళి తుఫానులు, అక్కడివారు ఆంధీ అందురు, ఒక్క సాయంకాలములో ఇసుకను ఒకచోటనుండి ఊడ్చి మరియొకచోట కుప్పవేయును. నిన్న అడుగు లోతుననున్న జాలీ నేడు పైకి తేలియుండును. లేదా ఇసుక కుప్ప గోడ అంత ఎత్తున పేరుకొని కుక్కకు మెట్టుగ పనికివచ్చును. ఆంధీ వెలిసిన వెంటనే చీపురుకన్న ముందు పార పట్టుకొని గూటి చుట్టు తిరిగి రావలెను.

పగటి శత్రువులు గద్దలు, డేగలు. పిల్లలకు కాకియు శత్రువే. వీటికి తలపై వల, దాగుకొనుటకు పొదలు చాలును. నక్క, గుంటనక్క, అడవిపిల్లి, ఊరకుక్క చీకటి శత్రువులు. వీటిలో కుక్కయే ఎక్కువ నష్టము చేయునని మా అభిప్రాయము. నక్క ఒకదానిని ఎత్తుకొనిపోవును, కుక్కల గుంపు తినుటకు కాక చంపుటకే చంపును. ఉడుము గ్రుడ్లకు వచ్చును, నాగుపాము గ్రుడ్లకును పిల్లలకును వచ్చును. సాయంకాలము గ్రుడ్లు తీసివేసి, రాలిన గింజలు ఊడ్చినచో ఎలుకలు తగ్గును. ఎలుకలు తగ్గినచో పాములు తగ్గును. విషము పెట్టుట మాత్రము కూడదు. ఈ జంతువులలో ఊరకుక్క, ఎలుక తప్ప తక్కినవానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ నిచ్చుచున్నది. అంతేకాక విషము తిన్న నక్క కళేబరమును రాబందు తినును. ఆ పక్షులు ఇప్పటికే మిక్కిలి అరుదైనవి.

గూటితో తీరని చిక్కు ఒకటి మిగిలినది. కోడికి తిరుగుటకు అనువైన వేళ చల్లని వేళ. అదే నక్క వేళ. తొలికోడి కూతకే తలుపు తీసినచో వేటనుండి మరలు నక్కకు ఎదురుగ వదలినట్లగును. కొంత వెలుగు పరచుకొని, ఇంటిలో మనుషులు మసలుచున్న తరువాత తలుపు తీసి, ఎండ ముదరకమునుపే నీడకు మరలింపవలెను. గింజలను ఆ పూటనే, తరువాత ప్రొద్దువాలిన పిమ్మట వేయవలెను. తిన్నది అరుగునప్పుడు కడుపులో వేడి పుట్టును. నడిపగటి మేత ఆ వేడిని వడగాలికి తోడు చేయును. అందుచేత పదిగంటలనుండి నాలుగుగంటలదాక నీరే కాని గింజ వద్దు. సంధ్యవేళ కోళ్ళు తమంతట తామే గూడు చేరును. ఒకరు లెక్కపెట్టి గడియ వేయవలెను. ఆ పని ఎవరిదో ఇంటిలో నిర్ణయమై యుండవలెను, లేనిచో ప్రతివారు మరియొకరు వేసినారనుకొందురు. ఒట్టి కొక్కెమును కుక్క మూతితో ఎత్తివేయును గనుక గడియకు పుల్ల దూర్పుట మంచిది.

నీడకు ఖేజ్‌డీ చెట్టును మించినది లేదు. అది మరేమియు కాదు, మన జమ్మి. తెలంగాణకు, రాజస్థానమునకు కూడ అదియే రాష్ట్ర వృక్షము. వేసవి రాకముందే క్రొత్త చిగురు తొడిగి, ఎండలు ముదురునప్పటికి పచ్చగ నిలుచును. చలికాలమున మేకల మేతకై దాని కొమ్మలు నరుకుట అక్కడి ఆచారము. గూటికి పడమట నున్న ఒక్క చెట్టును మాత్రము నరకక విడువవలెను. కొమ్మ గూటి కప్పుపైకి వ్రాలకుండ చూచుకొన్న అడవిపిల్లికి దారి యుండదు. మరియొక బంధమును కలదు. ఉదయపూరులో రూపొందించిన ప్రతాప్‌ధన్ అను పెరటికోడి, హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ళ పరిశోధన సంస్థ సమన్వయించు అఖిల భారత పథకములోనిదే. దాని ఈకలు పలు రంగులు కలవి, కాళ్ళు పొడవైనవి. తెల్లకోడి గద్దకు మైలు దూరమునుండి కనబడును, రంగుల కోడి పొదలో కలిసిపోవును. పొడుగు కాళ్ళు పరుగునకు వచ్చును.

ఇన్ని చేసినను ఒకనాడు ఒక పెట్ట ముక్కు తెరచి, మెడ వ్రేలవేసి, పిలిచినను కదలక యుండవచ్చును. దానిని నీడకు తెచ్చి, కాళ్ళను, తురాయిని మామూలు నీటితో తడిపి, ముక్కు నీటిలో ముంచి చూపవలెను. తానే త్రాగునట్లు చేయవలెనే కాని గొంతులో పోయరాదు. ఊపిరి గొట్టములోనికి పోవును.

నవంబరు దాటిన తరువాత అదే ఎడారిలో రాత్రులు గడ్డకట్టు చలికి దిగును. అప్పుడు మే నెలలో తడిపి కట్టిన గోనెపట్టాలనే ఎండబెట్టి ఉత్తరపు జాలీకి తెరలుగ కట్టుదురు. కప్పు క్రింద బెత్తెడు సందు మాత్రము అప్పుడును తెరచియే యుంచవలెను, రెట్టల ఘాటు వెలికి పోవలెను గదా.